గాలే మందైన రోజుల నుంచి... మదనపల్లె ఆరోగ్యవరం కథ

మదనపల్లె: పట్టణానికి కొద్ది మైళ్ల దూరంలో ఉన్న ఆరోగ్యవరం పేరు మొదటిసారి విన్నవారు అదేదో పుణ్యక్షేత్రమని అనుకోవడం కద్దు. అది గుడి పేరూ కాదు, కొండ పేరూ కాదు. ఒక ఆస్పత్రికి పెట్టుకున్న పేరు, పోను పోను ఊరి పేరైంది. క్షయకు మందు లేని కాలంలో దక్షిణ భారతం నలుమూలల నుంచి దగ్గుతూ, నెత్తురు కక్కుతూ వచ్చిన రోగులకు ఈ పేరే చివరి ఆశ.

పాతతరం వాళ్లు దాన్ని 'శానిటోరియం' అనే అంటారు. ఆ మాట కూడా కాస్త గొంతు తగ్గించే అంటారు. ఫలానా వాళ్ల అబ్బాయిని శానిటోరియానికి తీసుకుపోయినారంటే ఇక అడగవలసిన ప్రశ్నలేవీ ఉండేవి కావు. ఆ ఇంటి ముందు నుంచి నడిచేవాళ్లు అవతలి గట్టుకు జరిగి నడిచేవారు.

ఇప్పుడు టి.బి. వస్తే ఇంట్లో ఉండి ఆరునెలలు మాత్రలు మింగితే చాలు. శానిటోరియం అంటే ఏమిటో నేటి కాలేజీ పిల్లలకు తెలియదు. అయితే రోగిని ఊరికి దూరంగా కొండగాలికి పంపాలన్న ఆలోచన ఎలా పుట్టింది, మళ్లీ ఇంటికే పంపవచ్చునన్న సంగతి ఎలా తేలింది అన్నది చాలా పెద్ద కథ. అందులో మన సీమ పల్లెల పాత్ర తక్కువేమీ కాదు.

చంద్రునికి వచ్చిన జబ్బు

క్షయ మనకు కొత్తగా వచ్చిన జబ్బు కాదు. దక్షుని కూతుళ్లు ఇరవై ఏడుగురిని పెండ్లాడిన చంద్రుడు ఒక్క రోహిణి దగ్గరే ఉండిపోయినందుకు మామగారు శపించగా రోజురోజుకూ క్షీణించిపోయాడని పురాణ కథ. ఆ జబ్బుకే రాజయక్ష్మ అని పేరు. మన ఆయుర్వేదం దీనికి మేకపాలు, మేకమాంసం చెప్పింది. మేకల మంద నడుమ పడుకోమని కూడా చెప్పింది. మన సీమలో మేకలు లేని పల్లె లేదు. క్షయ లేని పల్లె కూడా లేదు మరి.

ఈ జబ్బు వంశపారంపర్యంగా వస్తుందని కొందరు, దిగులు వల్ల వస్తుందని కొందరు, చెడుగాలి వల్ల వస్తుందని కొందరు పందొమ్మిదో శతాబ్దం దాకా వాదించుకున్నారు. 1882 మార్చి 24న బెర్లినులో రాబర్ట్ కాక్ అనే జర్మన్ డాక్టరు క్షయ సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఏటా ఆ రోజునే ప్రపంచ క్షయ దినంగా జరుపుతున్నారు. కాని శత్రువు ఎవరో తెలిసినంత మాత్రాన చేతికి కత్తి రాలేదు. కాక్ స్వయంగా 1890లో ట్యూబర్క్యులిన్ అనే మందు తెచ్చాడు. అది రోగం కుదర్చలేదు. జబ్బు సోకిందో లేదో చూసే చర్మ పరీక్షకు మాత్రం పనికివచ్చింది. సూక్ష్మజీవి దొరికిన తరువాత సరైన మందు దొరకడానికి అరవై ఏళ్లు పైనే పట్టింది. ఆ అరవై ఏళ్లే శానిటోరియాలు వెలిగిన కాలం.

కుందేళ్లు చెప్పిన సాక్ష్యం

ఈ పద్ధతికి ఆద్యుడు హెర్మన్ బ్రెమర్ అనే జర్మన్ వైద్యుడు. 1850 దశకంలో సైలీషియాలోని గోర్బర్స్‌డార్ఫ్ అనే కొండ పల్లెలో ఆయన క్షయరోగుల కోసం ఆస్పత్రి పెట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలెండులో ఉన్నది. ఎత్తైన ప్రదేశంలో గుండె బాగా పనిచేస్తుందని, దానితో ఊపిరితిత్తులు బాగుపడతాయని ఆయన నమ్మకం. రోగులకు పుష్టిగా తిండి పెట్టి, కొండదారుల్లో మెల్లగా నడిపించేవాడు. ఆయన దగ్గర రోగిగా చేరి శిష్యుడైన డెట్‌వైలర్ 1876లో ఫాకెన్‌స్టయిన్‌లో వేరే ఆస్పత్రి నడిపాడు. ఈయన నడక కన్నా విశ్రాంతికే ఎక్కువ విలువ ఇచ్చాడు. ఆరుబయలు వసారాలో పడక కుర్చీలు వరుసగా వేసి, దుప్పట్లు కప్పి, గంటల తరబడి రోగులను కదలకుండా పడుకోబెట్టేవాడు. కనిపించిన చోటల్లా ఉమ్మకుండా జేబులో పెట్టుకునే నీలం గాజు బుడ్డి కూడా ఈయన తెచ్చిందే.

అమెరికాలో ట్రూడో అనే డాక్టరు తనకే క్షయ సోకి, ఇక చావు తప్పదనుకుని అడిరోన్‌డాక్ అడవులకు వెళ్లి తేరుకున్నాడు. 1880 దశకం నడుమ సరనాక్ సరస్సు దగ్గర చిన్న కుటీరంతో ఆయన శానిటోరియం మొదలైంది. ఆయన చేసిన ఒక పరీక్ష చెప్పుకోదగినది. అయిదు కుందేళ్లకు క్షయ ఎక్కించి చీకటి, చెమ్మ ఉన్న ఇరుకు చోట అరకొర తిండితో ఉంచాడు. మరో అయిదింటికి అలాగే క్షయ ఎక్కించి ఒక చిన్న దీవిలో ఆరుబయట కడుపునిండా తినేటట్లు వదిలేశాడు. మొదటి గుంపులో ఒక్కటి తప్ప అన్నీ చచ్చాయి. రెండో గుంపులో ఒక్కటి తప్ప అన్నీ బతికాయి. గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి ఉంటే ఒళ్లే రోగంతో పోరాడుతుందని లోకానికి నమ్మకం కుదిరింది. స్విట్జర్లండులో దావోస్ వంటి కొండ ఊళ్లు రోగులతో నిండిపోయాయి.

మన దేశంలో మొదటి ఆరుబయలు శానిటోరియం 1906లో రాజస్థానంలో అజ్మీరు దగ్గరి తిలోనియాలో వెలసింది. 1908లో అల్మోడాలో, 1909లో సిమ్లా దగ్గరి ధరంపూరులో, 1912లో భొవాలీలో వచ్చాయి. జవహర్‌లాల్ నెహ్రూ భార్య కమలా నెహ్రూ చికిత్స పొందిన భొవాలీ ఇదే. ఇవన్నీ ఉత్తరాదివి. క్షయరోగిని మూడు రోజులు రైలులో కుదిపి హిమాలయాలకు తీసుకుపోగల స్తోమత దక్షిణాదిలో ఎందరికి ఉంటుంది?

మదనపల్లె ఎందుకు?

ఆ ప్రశ్నకు జవాబే మదనపల్లె. మిషనరీ బడుల్లో పిల్లలు, పంతుళ్లు క్షయ వాతపడుతుండడం చూసి దక్షిణాదిన పనిచేస్తున్న అనేక ప్రొటెస్టెంట్ మిషన్లు ఒక్కటై ఒక శానిటోరియం పెట్టాలని తలపెట్టాయి. ఏ ఒక్కరి సొత్తూ కాదు కనుక దానికి 'యూనియన్ మిషన్ ట్యూబర్క్యులోసిస్ శానిటోరియం' అని పేరు పెట్టారు.

మదనపల్లె సముద్ర మట్టానికి రెండువేల అడుగులకు పైబడిన ఎత్తులో ఉన్నది. ఇటు ఊటీ మంచు లేదు, అటు చిత్తూరు, కడప ఎండల తీవ్రత లేదు. వాన తక్కువ, గాలి పొడి. వాన తక్కువన్నది మన రైతుకు తరతరాల శాపమే అయినా డాక్టర్లకు అదే వరంగా కనిపించింది. పాకాల, ధర్మవరం మధ్య మీటరు గేజి రైలు అప్పటికే నడుస్తున్నది. మదనపల్లె రోడ్డు స్టేషనులో దిగి బండి కట్టించుకుని రావచ్చు. అమెరికన్ ఆర్కాట్ మిషన్ పట్టణంలో ముందు నుంచే వైద్యసేవ చేస్తున్నది.

1912లో పని ఆరంభమైంది. 1915లో ఇప్పుడున్న స్థలంలో శానిటోరియానికి మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ ప్రారంభోత్సవం చేశారు. ఇంకొక విశేషం ఏమంటే థియోసాఫికల్ కాలేజీ వెలసినది కూడా 1915లోనే. నాలుగేళ్లకు రవీంద్రనాథ్ టాగోరు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆ కాలేజీలోనే. ఆ సంగతి ఊళ్లో ఏ పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు. శానిటోరియం సంగతి మాత్రం ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

తొలి మెడికల్ సూపరింటెండెంటు డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఆయన రోగులను చూడడంతో సరిపెట్టలేదు. ఇతర ప్రాంతాల డాక్టర్లకు ఇక్కడ శిక్షణ ఇప్పించాడు. దేశంలో క్షయ ఎంత ఉన్నదో లెక్క తీయాలని పట్టుపట్టాడు. ఆయన తరువాత డాక్టరు పి.వి. బెంజమిన్ ఈ సంస్థను నడిపారు. అనంతరం బెంజమిన్ భారత ప్రభుత్వానికి క్షయ వ్యవహారాల సలహాదారు అయ్యారు. ఒక మారుమూల తాలూకా ఊరి ఆస్పత్రి నుంచి ఢిల్లీకి సలహాదారు వెళ్లడం సామాన్యమైన విషయం కాదు.

పడక, తూకం, థర్మామీటరు

శానిటోరియాలన్నింటిలో దినచర్య ఇంచుమించు ఒకే తీరుగా ఉండేది. పొద్దున లేస్తూనే నోట్లో థర్మామీటరు. రోజుకు నాలుగుసార్లు జ్వరం చూసి పటం మీద గీత గీసేవారు. వారానికొకసారి తూకం. ఆ తూకం రోజు రోగికి పరీక్షల ఫలితాలు వచ్చే రోజులాంటిది. అర వీశె పెరిగితే పండుగ, తగ్గితే ఆ పూట అన్నం సహించదు. పాలు, గుడ్లు, మాంసం ఒంటికి పట్టేదాకా పెట్టేవారు. మధ్యాహ్నం మాట్లాడరాదు, చదవరాదు, పడుకోవాలి. రాత్రి కిటికీలు తెరిచే నిద్ర. జ్వరం తగ్గినవారిని మొదట పది అడుగులు, తరువాత ఫర్లాంగు, తరువాత మైలు చొప్పున నడిపించేవారు. తెమడ ఉమ్మడానికి మూత ఉన్న గిన్నె. దాన్ని కాల్చేవారు.

ఇలా ఆరు నెలలు, ఏడాది, ఒక్కొక్కరికి రెండు మూడేళ్లు. ఇంటి దగ్గర పొలం బీడుపడినా, భార్యాబిడ్డలు కూలికి పోయినా రోగి మాత్రం ఆకాశం చూస్తూ పడుకోవాలి. విశ్రాంతి అంటే మన రైతు కూలీకి ఎంత ఖరీదైన మందో వేరే చెప్పనక్కర లేదు.

విశ్రాంతి శరీరానికి సరే, దగ్గే ఊపిరితిత్తికి విశ్రాంతి ఎలాగ? దానికీ ఒక ఉపాయం కనిపెట్టారు. పక్కటెముకల సందున సూది గుచ్చి ఛాతీలోకి గాలి పంపితే ఆ పక్క ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ముడుచుకున్న తిత్తిలో పుండు మానుతుందని ఆశ. ఎక్కించిన గాలి కొన్నాళ్లకు ఇంకిపోతుంది కనుక మళ్లీ మళ్లీ నింపుకోవాలి. ఏళ్ల తరబడి ఇలా గాలి పోయించుకున్న వాళ్లు ఉన్నారు. అది కుదరని వాళ్లకు పక్కటెముకలు కోసి తీసి ఛాతీనే కుంగదీసేవారు. ఒక పక్క భుజం కిందికి జారిపోయి ఉన్న ముసలివాళ్లను మన తండ్రుల తరం వాళ్లు చూసే ఉంటారు. ఆరోగ్యవరం ఈ చికిత్సలకు దక్షిణాదిన పేరుమోసిన కేంద్రం. 1920 దశకంలో డెన్మార్కులో పుట్టిన శానోక్రైసిన్ అనే బంగారు లవణం సూదిమందు కూడా ప్రపంచమంతా వాడి చూశారు. అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తున్నదని తేలి మూలపడింది.

మరి గాలి, తిండి, విశ్రాంతితో జబ్బు నిజంగా కుదిరిందా? కొందరికి కుదిరింది. ఎందుకో చాలా కాలం తరువాత తెలిసింది. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ వాళ్లు 1960 దశకంలో చుట్టుపక్కల పల్లెల్లోని రోగులను అయిదేళ్లపాటు కనిపెట్టి చూశారు. మందు సరిగా అందని ఆ రోగుల్లో సుమారు 49 శాతం మంది అయిదేళ్లలోపే చనిపోయారు. 18 శాతం మంది దగ్గుతూ, జబ్బు పంచుతూ మిగిలారు. తక్కిన మూడోవంతు మంది తమంతట తామే కోలుకున్నారు. అంటే ఏ వైద్యమూ లేకపోయినా ముగ్గురిలో ఒకడు బతికి బయటపడతాడు. ఆ ఒకడు మేకల మధ్య పడుకుని ఉంటే మేకకు, కొండమీద పడుకుని ఉంటే కొండకు, తాయెత్తు కట్టుకుని ఉంటే తాయెత్తుకు పేరు వచ్చేది. శానిటోరియం తిండి మరికొందరిని కాపాడిందనడంలో సందేహం లేదు. గాలి మహిమ మాత్రం చాలా వరకు ఆ మూడోవంతు వాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్టే.

గణితవేత్త శ్రీనివాస రామానుజన్ సంగతి ఇక్కడ గుర్తుకు వస్తుంది. 1917లో ఇంగ్లండులో ఆయనకు క్షయ అని చెప్పి శానిటోరియాల్లో చేర్చారు. అందులో ఒకటి మెండిప్ కొండల్లోనిది. దాన్ని నడిపినవాడు డాక్టరు చౌరీముత్తు అనే భారతీయుడే. శాకాహారి అయిన ఆ మనిషి ఆ చలిలో, ఆ గాలిలో, ఆ తిండితో ఎంత యాతన పడ్డాడో ఊహించుకోవచ్చు. అసలు ఆయన జబ్బు క్షయ కాదు, కాలేయానికి పట్టిన అమీబా అయి ఉంటుందని తరువాతి డాక్టర్లలో కొందరి అభిప్రాయం. ఆ చౌరీముత్తుగారే స్వదేశం వచ్చి 1928లో మద్రాసు దగ్గర తాంబరంలో శానిటోరియం కట్టించారు. 1937లో ప్రభుత్వం దాన్ని తీసుకున్నది. తాంబరం శానిటోరియం అన్న పేరుతో రైల్వే స్టేషను ఇప్పటికీ ఉన్నది.

పాతిక లక్షల రోగులకు ఆరువేల పడకలు

శానిటోరియం ఎంత మంచిదైనా అందులో చోటు దొరకాలి గదా. 1946లో భోర్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో జబ్బు అంటించగల క్షయరోగులు సుమారు 25 లక్షల మంది. ఏటా చనిపోయేవారు 5 లక్షల మంది. దేశం మొత్తం మీద క్షయ పడకలు సుమారు ఆరువేలు! ఒక్కో మంచానికి నాలుగువందల మందికి పైగా పోటీ. ఒకడు ఎక్కితే తక్కినవాళ్లు ఎక్కడ పోవాలి? ఇంటి వసారాలో, పశువుల కొట్టంలో, ఊరి బయటి పాకలో.

ఇంతలో మందులు వచ్చాయి. అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. వెంటనే పాస్ అనే మందు, 1952లో ఐసోనియజిడ్ వచ్చాయి. ఒక్క మందే ఇస్తే సూక్ష్మజీవి దానికి అలవాటుపడి మొండికేస్తుందని, రెండు మూడు కలిపి ఇవ్వాలని అనుభవం మీద తెలిసింది. ఐసోనియజిడ్ చవక. నోటితో మింగవచ్చు. అప్పుడు ఒక పెద్ద ప్రశ్న ఎదురైంది. ఈ మాత్రలు మింగడానికి మంచం అవసరమా?

మద్రాసు గుడిసెలు తేల్చిన తీర్పు

1956లో మద్రాసులో క్షయ కీమోథెరపీ కేంద్రం నెలకొల్పారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన ఏర్పాటు అది. డాక్టరు వాలెస్ ఫాక్స్ దానికి నాయకుడు. నగరంలోని పేద పేటల నుంచి 193 మంది రోగులను తీసుకుని, చీటీ వేసినట్లుగా రెండు భాగాలు చేశారు. ఒక భాగం శానిటోరియంలో ఏడాది ఉన్నారు. రెండో భాగం తమ ఇళ్లలోనే ఉన్నారు. ఇద్దరికీ అవే మాత్రలు, ఐసోనియజిడ్, పాస్.

శానిటోరియం వాళ్లకు మంచి తిండి, మంచి గాలి, పూర్తి విశ్రాంతి. ఇళ్లలో ఉన్నవాళ్లకు ఒకే గదిలో పదిమంది, అరకొర తిండి, కాస్త ఓపిక రాగానే కూలిపని. ఎవరు నెగ్గుతారో చెప్పనక్కర లేదని చాలామంది డాక్టర్లు అనుకున్నారు. ఏడాది తరువాత చూస్తే శానిటోరియంలో 92 శాతం మందికి, ఇళ్లలో 86 శాతం మందికి జబ్బు అణిగింది! ఒళ్లు చేయడంలో శానిటోరియం వాళ్లు ముందున్నారు గాని జబ్బు కుదరడంలో చెప్పుకోదగిన తేడా లేదు. అయిదేళ్లు వెంట ఉండి చూసినా, ఇళ్లలో ఉన్నవాళ్లకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టలేదు.

ఇంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉండేది. రోగి ఇంట్లో ఉంటే భార్యకు, బిడ్డలకు అంటదా? అదీ చూశారు. ఇంట్లో మందు తిన్న రోగుల కుటుంబాల్లో జబ్బు ఎక్కువ కాలేదు. అంటుకోవలసింది రోగం బయటపడక ముందే, మందు మొదలుపెట్టక ముందే అంటుకుని ఉంటుంది. మందు పడిన తరువాత రోగి నుంచి వచ్చే ప్రమాదం త్వరలోనే తగ్గిపోతుంది. మరి రోగిని ఊరవతల పెట్టడం వల్ల ఇంటివాళ్లకు ఒరిగిందేమీ లేదన్నమాట. 1959లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ప్రపంచమంతటా శానిటోరియాలు ఒక్కొక్కటే మూతపడడానికి దారితీసిన తీర్పు లండనులోనో, దావోసులోనో కాక మద్రాసు గుడిసెల్లో వచ్చింది.

పల్లెలకు కదిలిన శానిటోరియం

ఈ మార్పుకు ఆరోగ్యవరం ఎదురు తిరగలేదు. అంతకుముందే అది తన గోడలు దాటి బయటికి వచ్చింది. 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైన తొలిచోట్లలో మదనపల్లె ఒకటి. ఆ టీకాపై తరువాత గొడవ జరిగింది. రాజాజీ అంతటివాడు 1955లో దాన్ని వ్యతిరేకిస్తూ పుస్తకమే రాశారు. చివరికి తేలినదేమంటే ఆ టీకా పసిపిల్లలను మెదడుకు ఎక్కే క్షయ వంటి ప్రమాదాల నుంచి కాపాడుతుంది, పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆపుతుందని నమ్మడానికి లేదు. 1968 నుంచి చెంగల్పట్టు జిల్లాలో జరిగిన పెద్ద పరీక్ష ఇదే చెప్పింది. పుట్టిన పిల్లలకు నేటికీ వేస్తున్నది ఆ టీకాయే.

మొదటి సూపరింటెండెంటు కుమారుడు డాక్టరు యొహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో 1950 నుంచి 1955 వరకు మదనపల్లె చుట్టూ పది మైళ్ల లోపు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు చేశారు. చర్మానికి సూది, ఛాతీకి ఎక్స్‌రే, అనుమానం ఉన్నవాళ్లకు తెమడ పరీక్ష. సుమారు అరవైవేల జనాభా ఉన్న ప్రాంతమది. కరెంటు లేని పల్లెలకు ఎక్స్‌రే వచ్చిందంటే ఆనాటి జనం ఎంత వింతపడి ఉంటారో! ఆ ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 1960లో వచ్చాయి. పల్లెటూరి గాలి మంచిది కనుక క్షయ పట్నపు జబ్బేనన్న పాత నమ్మకానికి ఇలాంటి సర్వేలతోనే కాలం చెల్లింది. మన పల్లెలను, మన తాతలను ఎక్కించిన ఆ లెక్కలను దేశదేశాల డాక్టర్లు చదువుకున్నారు. మనకే ఆ సంగతి తెలియదు.

తరువాత అదే పల్లెల్లో రోగులకు ఇంటి దగ్గరే మాత్రలు ఇచ్చి, దానివల్ల ఊళ్లో జబ్బు ఎంత తగ్గుతుందో కూడా పరిశీలించారు. పడకలతో బతికే ఆస్పత్రి పడక అక్కరలేదని తేల్చే పరిశోధన చేయడం అరుదు. ఆరోగ్యవరానికి నిజమైన గౌరవం ఇక్కడ దక్కాలని ఈ విలేఖరి అభిప్రాయం.

బెంగుళూరులో 1959లో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. జిల్లాను యూనిట్టుగా తీసుకుని, మామూలు ఆస్పత్రుల్లోనే తెమడ చూసి మందు ఇచ్చే పద్ధతిని 1960 దశకం ఆరంభంలో మన పక్కనున్న అనంతపురం జిల్లాలో నడిపి చూశారు. 1962లో వచ్చిన జాతీయ క్షయ కార్యక్రమం ఆ తీరులోదే. దేశమంతటికీ దారి చూపిన రెండు ప్రయోగాలు కరువుసీమలోనే జరగడం గమనార్హం.

కట్టడాలు ఏమైనాయి?

దావోసులో శానిటోరియాలు కొన్ని హోటళ్లయ్యాయి. మంగళగిరిలోని పాత టి.బి. శానిటోరియం భూముల్లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ లేచింది. దానికి 2015లో శంకుస్థాపన, 2024లో జాతికి అంకితం జరిగాయి. వికారాబాదు అనంతగిరి కొండల మీద నిజాం కాలపు శానిటోరియం కథ కూడా ఈ కోవదే. అక్కడికి ఇప్పుడు సెలవు రోజుల్లో విహారానికి పోతున్నారు. గాలి మంచిదనే.

ఆరోగ్యవరం మూతపడలేదు. అన్ని జబ్బులకూ చూసే ఆస్పత్రిగా మారి ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ అయింది. నర్సులకు చదువు చెబుతున్నది. కాన్పులకు వెళ్లే ఆడవాళ్లకు అది ఒకప్పుడు మనుషులు పేరెత్తడానికి జంకిన చోటని తెలియకపోవచ్చు.

జబ్బు పోలేదు, జంకూ పోలేదు

మాత్రలు వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా క్షయ పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచంలో కోటీ ఎనిమిది లక్షల మందికి కొత్తగా క్షయ వచ్చింది. అందులో నాలుగోవంతుకు పైగా, 26 శాతం, మన దేశంలోనే. మందులకు లొంగని క్షయ ఒకటి కొత్తగా తయారైంది. దానికి కారణం చాలావరకు మనమే. రెండు నెలలు మాత్రలు మింగగానే దగ్గు ఆగుతుంది, ఆకలి పుడుతుంది, ఒంట్లో బలం వస్తుంది. ఇక మాత్రలెందుకని మానేస్తారు. టమోటా మండీలో మూటలు మోసే కూలీకి ఒకరోజు ఆస్పత్రికి పోతే ఒకరోజు కూలి పోతుంది. లోపల మిగిలిన సూక్ష్మజీవులు మందును గుర్తుపట్టి మళ్లీ లేస్తాయి. ఈసారి ఆ మందు పనిచేయదు. ఇలాంటి వాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు.

రెండోది దాపరికం. ఆడపిల్లకు టి.బి. అని తెలిస్తే సంబంధాలు రావని పక్క ఊరి ఆస్పత్రికి, పక్క జిల్లాకు తీసుకుపోయే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. ఆశా కార్యకర్త ఇంటికి వస్తే ఇరుగుపొరుగుకు అనుమానం వస్తుందని రావద్దంటారు. కంచం వేరు, చెంబు వేరు, చాప వేరు. ఈ జబ్బు కంచం వల్ల, చెంబు వల్ల రాదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలో కలిసే తుంపరల వల్ల వస్తుంది. ఊరి బయట కొండమీద ఆస్పత్రి కట్టి, ఏళ్ల తరబడి మనుషులను అక్కడ దాచిన కాలం మన మనసుల్లో వదిలిన మచ్చ ఇది. మద్రాసు పరీక్ష శానిటోరియం గోడలు కూల్చింది గాని ఇంట్లో చాపకూ చాపకూ మధ్య లేచిన గోడ అలాగే ఉన్నది.

ఇంకొక్క మాట. పాత శానిటోరియం డాక్టర్లు గాలి విషయంలో పొరబడినా తిండి విషయంలో పూర్తిగా పొరబడలేదు. జార్ఖండులో పేద క్షయరోగుల ఇళ్లలో జరిగిన పరిశీలన ఒకటి 2023లో వెలువడింది. రోగి ఇంట్లోని తక్కినవాళ్లకు నెలకు మనిషికి అయిదు కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల పప్పు, విటమిన్ మాత్రలు ఇవ్వగా వాళ్లలో కొత్తగా క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గింది. ట్రూడో కుందేళ్లు చెప్పిన మాటలో సగం నూట ముప్పై ఏళ్లకు పైగా గడిచాక మళ్లీ నిజమైంది. ప్రభుత్వం 2018 నుంచి రోగికి తిండి ఖర్చు కింద నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేసింది. కందిపప్పు ధర తెలిసినవారికి ఆ వెయ్యి ఎన్నాళ్లు వస్తుందో కూడా తెలుసు.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి మందగించడం, తూకం తగ్గడం ఉన్నవారు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెమడ ఇచ్చి పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు, మందులకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో డబ్బు తీసుకోరు. మామూలు క్షయకు చికిత్స ఆరునెలలు. వివరాలకు 1800-11-6666 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.